కారణాల మావ

మొన్న సాయంత్రం దోసెలు వేస్తూ టీవీ పెట్టాను. ఉద్యోగాల లెక్కలు వచ్చాయట, బాగాలేవట. ఎవరో కుర్ర అధికార ప్రతినిధి, మడత నలగని చొక్కా వేసుకుని, తాపీగా వివరిస్తున్నాడు. "నిరుద్యోగం పెరిగిందని చూడకండి. పని కోసం ముందుకొచ్చేవాళ్ళు పెరిగారని చూడండి. అది మంచి పరిణామం" అన్నాడు. చేతిలో ఉన్న అట్లకాడ వాడి మొహం మీదకి విసరాలనిపించింది. టీవీ నాది కాబట్టి ఊరుకున్నాను. నోరు మాత్రం ఊరుకోలేదు. "ఒరే, అది మా మావ మాటరా! కాశీబుగ్గలో ఆయన ఎప్పుడో అనేశాడు. నీకంటే బాగా అన్నాడు" అని వంటింట్లోంచే అరిచాను.

మావ పోయి ఏడాది దాటింది. మా అమ్మకి తమ్ముడు. పదవేమీ లేదు. ఎమ్మెల్యే కాదు, సర్పంచి కూడా కాదు. అధికారంలో ఎవరుంటే వాళ్ళ తరఫున విలేకరులకి కారణాలు చెప్పడం ఆయన పని. తుపాను సాయం ఎందుకు రాలేదు, రోడ్డు ఎందుకు వెయ్యలేదు, అన్నిటికీ చెప్పేవాడు గానీ ఉద్యోగాల లెక్కలు వచ్చినప్పుడు ఆయన కళ చూడాలి. ఊళ్ళో అందరూ 'కారణాల మావ' అనేవారు. ఆ పేరు విని ఆయన మురిసిపోయేవాడు కూడాను. సిగ్గుపడాల్సిన చోట మురిసిపోవడం ఆయనకి పుట్టుకతో వచ్చింది.

ప్రెస్ మీట్ అంటే పెద్ద హాలేమీ కాదు, కాశీబుగ్గలో ఆయన ఇంటి వసారా. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, దాని మీద జీడిపప్పు పకోడీ. పకోడీ మా అత్త వేసేది. వేడివేడిగా విలేకరులకి పెట్టించి, వాళ్ళ నోళ్ళు నిండాక మొదలుపెట్టేవాడు. నోరు నిండినవాడు అడ్డు ప్రశ్న వెయ్యడని ఆయన నమ్మకం. ఇంట్లో ఉన్నంతసేపూ "ఏటే అమ్మీ, ఎప్పుడొచ్చినావు, అన్నం తిన్నావేటి" అనే మనిషి, విలేకరి ఫోనులో రికార్డు నొక్కగానే "ఈ సందర్భంగా మనం గమనించవలసినది ఏమిటంటే" అంటూ పత్రిక భాషలోకి దూకేసేవాడు. రికార్డు ఆగిందో లేదో, "బాగొచ్చినాదేట్రా?" అని అడిగేవాడు.

ఇంకో అలవాటు ఉండేది. ఎవరైనా ఇరుకున పెట్టే ప్రశ్న వేస్తే కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచేవాడు. చాలాసేపు తుడిచేవాడు. జోడు లేకపోతే ఆయనకి ఎదుటివాడి మొహం మసకే. ఒకసారి నేనే అడిగాను, అస్తమానం ఎందుకు తుడుస్తావని. "మొహం అవుపడితే జాలేస్తాది అమ్మీ. జాలేస్తే జవాబు రాదు" అన్నాడు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఎన్ని కారణాలు చెప్పేవాడని! తుపాను వచ్చిన ఏడు కొబ్బరి పడిపోయింది కాబట్టి పనుల్లేవు. రాని ఏడు ఎండకి జీడిపూత మాడిపోయింది కాబట్టి లేవు. రెండూ లేని ఏడు ప్రపంచమంతా మాంద్యం. ఎక్కడో ఏదో దేశంలో యుద్ధం జరిగితే నౌపడ ఉప్పుమడిలో కూలీకి పని ఎలా పోతుందో మావ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేవాడు. లెక్క పెరిగితే జనంలో ఆశ పెరిగిందనేవాడు. వెతికీ వెతికీ విసిగిపోయి చెన్నై రైలెక్కేసిన వాళ్ళ వల్ల లెక్క తగ్గితే, "తగ్గిందా లేదా? మీరే చెప్పండి" అని విలేకరులనే నిలదీసేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఏమీ దొరక్కపోతే సర్వే చేసిన నెల మంచిది కాదనేవాడు.

ఒకసారి మా అమ్మ ఆయన వసారాలోనే ఓ మూల కూర్చుని జీడిపప్పుకి పొట్టు తీస్తోంది. రికార్డు అయిపోయాక మావ విలేకరులకి అసలు రహస్యం విప్పుతున్నట్టు చెప్పాడు. వారంలో ఓ గంట పని చేసినా ఆ మనిషికి పని ఉన్నట్టే లెక్కట. "అదిగో, మా అప్పని సూడండి. ఆవిడ నిరుద్యోగి కాదు" అన్నాడు. అమ్మ తలెత్తకుండానే, "అయితే నాను ఉజ్జోగస్తురాలినేట్రా? ఈ సంగతి ముందే సెప్తే ఆదివారం సెలవెట్టుకుందును కదేట్రా తమ్ముడా" అంది. విలేకరులు పకోడీ గొంతుకి అడ్డం పడేలా నవ్వారు. అందరికంటే ఎక్కువ మావే నవ్వాడు. అదీ ఆయనతో వచ్చిన చిక్కు. ఆయన్ని ఎంత తిట్టుకున్నా, ఎదురుగా కూర్చుంటే నవ్వు వచ్చేసేది.

ప్రభుత్వం మారింది. మావ కూడా నెల తిరక్కుండా మారాడు. అదే వసారా, అదే పకోడీ, కండువా ఒకటే వేరు. "గత పాలకుల నిర్వాకం వల్లనే నేడు మన యువత ఈ దుస్థితిలో ఉంది" అన్నాడు గంభీరంగా. విలేకరులు వెళ్ళాక పట్టుకున్నాను. "గత పాలకులంటే నువ్వే కదేటి మావా? మొన్నటిదాకా ఉజ్జోగాలు పొంగి పొర్లిపోతన్నాయని సెప్పినావు."

మావ ఏమాత్రం తడబడలేదు. "నాను పాలించలేదు అమ్మీ. నాను ఇవరించినాను అంతే" అన్నాడు.

ఇక్కడివరకూ అంతా తమాషానే. ఊరిలో ఒక వాగుడుకాయ ఉంటే ఉంటాడు, ఎవరికి నష్టం అనుకునేదాన్ని. నష్టం మా ఇంటికే వస్తుందని అనుకోలేదు.

మా తమ్ముడిని ఇంట్లో చిన్నోడు అంటాం. డిగ్రీ చదివాడు. మాది కవిటి దగ్గర పల్లె, కొబ్బరితోటలో ఇల్లు. నోటిఫికేషన్ల కోసం చూసి చూసి వాడికి వయసు మీదపడుతోంది. ఆ రోజుల్లో టెక్కలి కాలేజీ మైదానంలో జాబ్ మేళా పెట్టారు. మా వైపు పిల్లలు కంపెనీలకి వెళ్ళేటప్పుడు ఒక పని చేస్తారు. మాది ఉద్దానం, ఇంటింటా కిడ్నీ రోగమున్న నేల; అక్కడి ఊరి పేరు చెప్పరు. చెబితే అవతలివాడి మొహం మారిపోతుంది, "ఓ, ఆ కిడ్నీల వైపా?" అంటాడు. అందుకని పలాసలోనో టెక్కలిలోనో ఉన్న చుట్టాల ఇంటి నంబరుకి ఆధార్ కార్డు మార్చుకుంటారు. ఆ పనికి పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో మావ ఇల్లే అందరికీ దిక్కు. అడిగిన ప్రతివాడికీ ఇచ్చేవాడు. ఉద్దానం కుర్రాళ్ళు ఎంతమంది ఆ ఇంట్లో కాపురం ఉన్నట్టు కార్డుల్లో ఉండేదో! మా అత్త, "ఇంతమందికి అన్నమొండితే నా చేతులు పడిపోను" అని నవ్వేది. అది మావ చేసిన మంచిపని. నాకు ఆయన మీద ఎంత కోపమున్నా ఆ మాట మింగెయ్యను.

చిన్నోడూ అలాగే కాశీబుగ్గవాడు అయ్యాడు. మేళాలో ఎంపికయ్యాడు. మావే దగ్గరుండి వేదిక మీదకి ఎక్కించాడు. అప్పట్లో మావ ఎవరి తరఫున మాట్లాడేవాడో ఆ నాయకుడు వాడి చేతిలో ఉద్యోగం కాగితం పెడుతుంటే ఫోటో తీశారు. పేపర్లో వచ్చింది. అమ్మ ఆ ఫోటో పట్టుకుని తోటంతా తిరిగి చూపించింది. చెన్నై అవతల ఏదో ఫ్యాక్టరీ. వాడు రైలెక్కిన రోజు పలాస స్టేషన్‌కి మావ కూడా వచ్చి, "బేగి పెర్మనెంటు అయిపోరా అల్లుడా. నిన్ను సూపించి పదిమందికి సెప్పుకుంటాను" అన్నాడు.

ట్రైనింగు బాగానే అయింది. ఆ తరవాత ఉద్యోగం ఖాయం చేసేముందు కంపెనీ వాళ్ళు అందరికీ రక్తం తీశారు. చిన్నోడికి క్రియాటినిన్ ఎక్కువ ఉంది, కిడ్నీలు చెడుతున్నాయన్న గుర్తు అది. మా వైపు అక్షరం ముక్క రాని ముసలమ్మకి కూడా ఆ మాట తెలుసు. వాడికి మాత్రం తనకుందని అప్పుడే తెలిసింది. రోగం సంగతీ, ఉద్యోగం పోయిన సంగతీ ఒకేసారి చెప్పారు. మర్నాడు గేటు లోపలికి రానివ్వలేదు. రైలు దిగి వాడు తిన్నగా ఇంటికి రాలేదు. అమ్మకి మొహం చూపించలేక ముందు మావ ఇంటికి వెళ్ళాడు. మావ మంచం మీద పడి ఏడ్చాడట. మావ వాడి తల నిమురుతూ కూర్చున్నాడట. ఇది అత్త చెప్పింది. నేను నమ్ముతాను, ఎందుకంటే మావకి చిన్నోడంటే ప్రాణం.

ఆ తరవాతే లెక్కలు వచ్చాయి. మేళాల్లో అంతమందికి ఉద్యోగాలిచ్చామని చెప్పారు కదా, ఇప్పుడు చూస్తే చాలామంది ఇళ్ళలోనే ఉన్నారేమిటని పేపర్లు అడిగాయి. నాయకుడు చిరాకు పడ్డాడు. మావ వసారాలో కుర్చీలు వేశారు.

నేను టెక్కలిలో స్కూల్లో ఉన్నాను. మధ్యాహ్నం తోటి టీచరమ్మ ఫోను నా చేతిలో పెట్టి, "మీ మావయ్యే కదండీ?" అంది. మావే. చక్కటి పత్రిక భాషలో చెబుతున్నాడు. "ప్రభుత్వం ఉద్యోగాలు ఇవ్వలేదనడం అవాస్తవం. ఇచ్చింది. మన పిల్లలే నిలబడలేకపోతున్నారు. ఉద్దానం పిల్లలకి కన్నతల్లి మీద, కొబ్బరితోట మీద బెంగ ఎక్కువ. మా సొంత మేనల్లుడే ఉదాహరణ. వేదిక మీద నియామక పత్రం తీసుకున్నాడు. ఇంటి మీద బెంగతో తిరిగి వచ్చేశాడు. దీనికి ప్రభుత్వం ఏమి చేయగలదు?"

హెడ్మాస్టరుకి చెప్పకుండానే బస్సెక్కాను. దారి పొడుగునా ఆయన్ని ఏమేం అనాలో నోట్లో నూరుకుంటూనే ఉన్నాను. కాశీబుగ్గ చేరేసరికి విలేకరులు వెళ్ళిపోయారు. అత్త పళ్ళాలు తీస్తోంది. మావ ఒక్కడే వసారాలో కూర్చుని ఉన్నాడు.

"ఏటి మావా, సిన్నోడు బెంగెట్టుకుని వచ్చినాడా?" అన్నాను గుమ్మంలోంచే.

"కూకో అమ్మీ. ఎండలో వచ్చినావు, ముందు మంచినీళ్ళు తాగు."

"నాకొద్దు నీ నీళ్ళు. ఆడు ఏల వచ్చినాడో నీకు తెల్దేటి? నీ మంచం మీదే కదా పడి ఏడ్సినాడు?"

మావ కళ్ళజోడు తీశాడు. నేను బల్ల మీద చరిచాను. "తుడవకు! జోడెట్టుకో! నన్ను సూసి మాటాడు!"

అత్త పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మావ జోడు పెట్టుకున్నాడు. నా కేసి చూశాడు. రికార్డు లేదు, పకోడీ లేదు, మామూలు గొంతుతోనే అన్నాడు.

"తెలుసు అమ్మీ. తెలుసు గనకే అలగ సెప్పినాను. కిడ్నీ పరీచ్చలో తీసీసినారని సెప్పినాననుకో, రేపు పేపర్లో ఏటొత్తాది? ఉద్దానం కుర్రగుంటలు పనికిరారని వత్తాది. ఆ తరవాత టెక్కలికి ఏ కంపెనీ వత్తాది? వచ్చినా గేటు కాడే రగతం అడుగుతాది. ఇప్పుడు ఇద్దరో ముగ్గురో తిరిగొత్తన్నారు, అప్పుడు ఒక్కడూ ఎల్లడు. మరి సిన్నోడికి పిల్లనెవులిత్తారు? బెంగంటే రేపు మానిపోద్ది. కిడ్నీ అంటే సచ్చేదాకా పేరు పక్కన నిలిసిపోద్ది."

నిజమే కదా అనిపించింది. నిజమే అనిపించినందుకు నా మీద నాకే మంట పుట్టింది. మావ చెప్పే ప్రతి కారణమూ అంతే. చెప్పినంతసేపూ నిజంలాగే ఉంటుంది.

"మరి సెప్పకపోతే ఏటొరిగినాది మావా?" అన్నాను. "ఇన్నేళ్ళుగా ఎవులూ సెప్పనేదు. రోగం ఆగినాదా? కిడ్నీ అంటే సర్కారుకి పని పడతాది. నీళ్ళు సూడాలి, డాక్టర్లని పంపాలి, రోగముందని ఉజ్జోగం తీసేసినోడికి దారి సూపించాలి. బెంగంటే ఏ పనీ నేదు! తప్పంతా సిన్నోడి మీద తోసీసి, నువ్వూ నీ నాయకుడూ సుబ్బరంగా సేతులు కడుక్కున్నారు. ఆడు పిరికోడై వచ్చినాడా? ఆడిని గెంటీసినారు! గెంటీసినారని సెప్పడానికి నీకు నోరు రానేదు!"

మావ లేచాడు. కోపంగా కాదు. ఫోను తీసి చిన్నోడికి కలిపి, నాకు వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచాడు.

"ఒరే అల్లుడా. మీ అక్క వచ్చినాది. రేపు పేపరోళ్ళని మళ్ళీ పిలుత్తాను. నిన్న సెప్పింది తప్పు, మావోడ్ని కిడ్నీ ఉందని తీసీసినారని సెప్తాను. నీ పేరు, మన ఊరి పేరు ఎట్టి సెప్తాను. నాయకుడు నన్ను తంతే తన్నించుకుంటాను. సెప్పమంటావా?"

అటువైపునుంచి తోటలో గాలికి కొబ్బరాకులు కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. ఎవరో దూరంగా బండి స్టార్టు చేస్తున్నారు.

"వొద్దు మావా" అన్నాడు చిన్నోడు.

మావ ఫోను ఆపేశాడు. నన్ను గెలిచానన్న గర్వం ఆయన మొహంలో ఇసుమంతైనా లేదు. ఉంటే బాగుండేది, అక్కడే నాలుగు దులిపేసి వచ్చేదాన్ని. తలుపు మూసేసినవాడు వచ్చి, లోపలున్నవాడి చేతే గడియ పెట్టించాడు. పైగా అది కూడా వాడి మీద ప్రేమతోనే చేశాడు. నేను మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను. ఆ తరవాత ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ గడప తొక్కలేదు.

చిన్నోడికి ఊళ్ళో పేరు స్థిరపడిపోయింది. 'బెంగోడు' అన్నారు. కిళ్ళీకొట్టు దగ్గర కుర్రాళ్ళు, "ఏరా బెంగోడా, అమ్మ కొంగు వొదిలి ఇంతదూరం వచ్చినావేటి?" అనేవారు. పెద్దవాళ్ళు కూడా పెళ్ళిళ్ళలో, "ఉజ్జోగం కాళ్ళ కాడికొస్తే తన్నుకున్నాడు" అని వాడు వినేలా అనేవారు. వరసకి మా పెదనాన్న ఒకాయన వీధి అరుగు మీద కూర్చుని, వాడు కనిపించినప్పుడల్లా, "మా కాలంలో ఇలగ బెంగెట్టుకుంటే బతికుండేవోళ్ళమేటి?" అని నీతులు చెప్పేవాడు. చిన్నోడు అన్నిటికీ నవ్వేవాడు. కవిటి, సోంపేట మధ్య అద్దె ఆటో తోలడం మొదలుపెట్టాడు. రోజంతా తోలలేడు, కాళ్ళు వాచిపోతాయి. ఆ మరుసటి లెక్కలప్పుడు మావ, "మన యువతలో స్వయం ఉపాధి పెరుగుతోంది" అన్నాడని విన్నాను. సొంత మేనల్లుడిని రెండుసార్లు లెక్కలోకి ఎక్కించిన ఘనుడు!

మావ గుండె ఆగి పోయాడు. సభ నుంచి వచ్చి చొక్కా విప్పుతూ పడిపోయాడట. శవాన్ని మా పల్లెకే తెచ్చారు, అమ్మా మావా ఇద్దరూ పుట్టిన ఊరు అదే కదా. కార్లు వచ్చాయి, నాయకుడు వచ్చాడు, దండలు వచ్చాయి. ప్రజల సమస్యల్ని ప్రజలకే అర్థమయ్యేలా చెప్పిన మహామనీషి అన్నాడు నాయకుడు. అత్త నన్ను పట్టుకుని గొల్లుమంది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. ఎవరి కోసం ఏడుస్తున్నానో తెలియని ఏడుపు అది. తిట్టాల్సినవి ఇంకా బోలెడు మిగిలిపోయాయి, తిట్టించుకోవాల్సినవాడు హాయిగా పడుకున్నాడు.

పాడె కట్టారు. ఎత్తేవేళ అయింది. చిన్నోడు తువ్వాలు భుజం మీద వేసుకుని ముందుకి వచ్చి, వంగి వెదురు పట్టుకున్నాడు. మేనల్లుడు, వాడి హక్కు అది. వెంటనే మా పెదనాన్న, ఆ అరుగు మీద నీతుల పెదనాన్నే, వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వొద్దురా నాయినా. నీకు బరువు పనికిరాదు" అన్నాడు.

"అవున్రా, ఒంట్లో ఆ జబ్బెట్టుకుని ఎత్తకూడదు" అన్నాడు ఇంకొకాయన. "ఇసకలో అంత దూరం నడిసినావంటే నీ కాళ్ళు మళ్ళీ పొంగిపోతాయి" అంది ఆడవాళ్ళలోంచి ఎవరో. కిళ్ళీకొట్టు కుర్రాళ్ళలో ఒకడు మారుమాట లేకుండా వచ్చి వాడి చోట నిలబడబోయాడు.

నేను అమ్మని పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఒళ్ళంతా నిప్పంటుకున్నట్టయింది. వీళ్ళందరికీ తెలుసు! మొదటినుంచీ తెలుసు! కాళ్ళు వాస్తాయని కూడా తెలుసు! తెలిసే బెంగోడు అన్నారు, తెలిసే నవ్వారు, మావ చెప్పిన కారణం అందరికీ సుఖంగా ఉంది కాబట్టి ఇంటింటా దాచుకున్నారు. నాయకుడు పక్కనే నిలబడి సెల్‌ఫోను చూసుకుంటున్నాడు.

చిన్నోడు పెదనాన్న చేతిని మెల్లగా విడిపించుకున్నాడు.

"నాకేటి జబ్బు పెదనానా? నాను బెంగెట్టుకుని వచ్చీసినోడ్ని కదేటి. తప్పుకో" అన్నాడు.

పెదనాన్న తప్పుకున్నాడు. చిన్నోడు ముందువైపు భుజం పెట్టి లేచాడు.